లివోనియనుల పల్లె మజిర్బె

లాట్వియా దేశమున బాల్టిక్ సముద్రపుటొడ్డున మజిర్బె అను చిన్న పల్లె ఉన్నది. వెనుక పైన్ చెట్ల అడవి, ముందు సముద్రము, నడుమ తెల్లని ఇసుక. ఈ ఆకుపచ్చ, తెలుపు, నీలములే 1923లో లివోనియనులు ఎత్తిన జెండా రంగులు. వేటకు పోయిన జాలరికి పడవలోనుండి కానవచ్చు తన ఊరి రూపమది.

వీరి భాష లాట్వియను భాషకు దగ్గరిది కాదు. ఎస్టోనియను, ఫిన్నిషు భాషలకు చుట్టము. ఆ చుట్టరికముచేతనే ఫిన్లాండు, ఎస్టోనియా, హంగరీ దేశములవారు తోడ్పడగా 1939లో ఇచ్చట లివోనియనుల ప్రజాభవనము వెలసినది. అంతలో యుద్ధము వచ్చిపడినది. పిమ్మట సోవియట్ ప్రభుత్వము ఈ తీరమును సరిహద్దు ప్రాంతముగా కట్టడిచేసినది. వేట సాగక జనము వలసపోయిరి. పాత కొయ్యపడవలు అడవిలో శిథిలములైనవి.

పల్లె చెదిరిన పలుకు నిలుచునా? పాతతరములో తల్లి ఒడిని ఈ భాష నేర్చినవారిలో కడపటి ఆమె గ్రిజెల్డా క్రిస్టిన్య 2013లో కెనడాలో కన్నుమూసినది. అయినను ఏటేట ఆగస్టు మొదటి శనివారమున ఆ వంశములవారు మజిర్బెకు వచ్చి పండుగ జరుపుకొందురు. భవనము నిలిచినది గనుక కూడుటకు చోటున్నది; కూడుచున్నారు గనుక ఆ మాట ఇంకను వినబడుచున్నది.