గరిక నాటిన ఏడు

2024 మార్చి 28, మిర్యాలగూడ

సాగర్ ఎడమ కాలువ కింద ఈ యాసంగికి సాగునీళ్లు వదల్లేదు. జలాశయం నిండుమట్టం 590 అడుగులు. ఇప్పుడు 510కి అటూ ఇటూ ఉంది. దున్నని మడుల్లో మేకలు తిరుగుతున్నాయి. ఇన్ని రైసుమిల్లులున్న ఊరికి ఈ దారిన రావడం కష్టంగా ఉంది.

ఊళ్ళోకి రాగానే ఒక ఫంక్షన్ హాలు ముందు పావెకరం లాన్, నిగనిగలాడుతూ. ట్యాంకరు ఆగి ఉంది. మాలి పైపు పట్టుకుని తడుపుతున్నాడు.

అక్కడే నిలబడి లెక్క కట్టాను. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే ఒక లీటరు. మన ఎండలకు లాన్ పచ్చగా నిలవాలంటే రోజుకు ఐదు మిల్లీమీటర్లయినా కావాలి. పావెకరం వెయ్యి చదరపు మీటర్ల పైమాటే. అంటే రోజుకు ఐదు వేల లీటర్లు, ఒక ట్యాంకరు. మిషన్ భగీరథలో పల్లెమనిషికి రోజుకు 100 లీటర్లని లెక్క. యాభై మంది నీళ్లు ఆ పైపులోంచి పోతున్నాయి.

తిండిపెట్టే వరికే వారబందీ పెట్టుకుని నీళ్లు పంచుకునే నేల ఇది. ఎవరూ మేయని గడ్డికి మాత్రం వార లేదు, వంతు లేదు.

2024 ఏప్రిల్ 14, కోదాడ

మా బావమరిదికీ ఇక్కడ ఒక హాలుంది. కడియం నుంచి లారీలో చాపలుగా తెప్పించి పరిచిన కొరియన్ గడ్డి. మొరం మీద రెండంగుళాల మట్టి పోసి పరిచారు. వేరు దిగడానికి చోటే లేదు. ఒక్కరోజు తడపకపోతే మచ్చలు పడుతోంది. బోరు రాత్రికి గంటసేపు పోస్తే ఎక్కువ.

“గరిక వెయ్యరా” అన్నాను.

“గరికా? ఎండకు ఎర్రబడిపోతుంది బావా. ఫోటోలు బాగా రావు. పెళ్ళోళ్ళు పక్క హాలుకు పోతారు.”

అతని భయం ఉత్తిది కాదు. హాలు మీద అప్పుంది. కానీ ఈ నెలాఖరుతో మౌఢ్యం వస్తోంది, మళ్ళీ శ్రావణం దాకా ముహూర్తాలు లేవు. “ఈ మూడు నెలలు ఎవరి కోసం తడుపుతావు?” అన్నాను. వెనకవైపు సగం నాకు వదిలేశాడు.

ఏప్రిల్ 27, సూర్యాపేట

లాస్ వేగాస్‌లో ఉంటున్న మా పెద్దమ్మాయి ఫోన్ చేసింది. అక్కడ నీళ్ల సంస్థ పచ్చిక పీకేస్తే చదరపు అడుగుకు ఇంతని డబ్బిస్తుందట. 2021లో నెవాడా చట్టమే చేసింది. ఆఫీసుల ముందూ రోడ్ల మధ్యా ఊరికే అందానికి పెంచే గడ్డికి 2027 నుంచి కొలరాడో నది నీళ్లు పొయ్యకూడదు. ఎవరి ఇంటి ముందు గడ్డి వాళ్ళది, దాని జోలికి పోలేదు. పిల్లలాడే మైదానాల జోలికీ పోలేదు. ఆ విడదీయడం నాకు బాగా నచ్చింది. మనం ఆలోచించాల్సిందీ అదే: ఈ గడ్డి మీద ఎవరు కూర్చుంటారు, ఎవరు ఆడతారు, ఏ పశువు మేస్తుంది?

వాళ్ళ ఎడారిలో ఏడాదికి పది సెంటీమీటర్ల వాన. మన దగ్గర అంతకు ఏడెనిమిది రెట్లు. కాకపోతే మనకు దాదాపు అంతా నాలుగు నెలల్లోనే కురుస్తుంది. ఆ నాలుగు నెలలు తాగి, మిగతా ఎనిమిది నెలలు ఓపిక పట్టే గడ్డి మనకు కావాలి. అది మన చెల్కల్లోనే ఉంది.

జూన్ 12, కోదాడ

మృగశిర వానలు పడ్డాయి. పాత చాపలు తీసేసి, గట్టిపడ్డ మొరాన్ని గడ్డపారలతో పెకలించి, చెరువుమట్టీ పశువుల ఎరువూ కలిపాం. పొలం గట్ల మీది గరికను వేళ్ళతో తెచ్చి, కణుపులు చూసి తుంచి, జానెడు ఎడంలో నాటించాను. గోల్ఫ్ మైదానాలకు బెర్ముడా అని కొనే గడ్డి జాతి కూడా ఇదే.

కూలికొచ్చిన ఆడవాళ్ళు ముందు నమ్మలేదు. “చేన్ల మొలిస్తే పీకి పారేస్తం. గీడ పైసలిచ్చి నాటిస్తున్నరా సారూ?” కణుపు మట్టిలో ఉండేలా ఎలా పెట్టాలో మాత్రం నాకంటే వాళ్ళకే బాగా తెలుసు.

జూలై

గరిక మధ్య వయ్యారిభామ. పూతకు రాకముందే పీకాలి. వేరే పని లేదు.

సెప్టెంబర్ 4, కోదాడ

ఒకటో తారీఖు వానకు ఊరు మునిగింది. మనుషులు పోయారు. నడిగూడెం మండలంలో కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ కాలువకు గండి పడింది. మార్చిలో సాగుకు చుక్క ఇవ్వని కాలువ, ఇప్పుడు పొలాల మీద ఇసుక మేటలు వేసి పోయింది. గడ్డి సంగతి అడగడానికి నోరు రాలేదు. బావమరిదే చెప్పాడు: ముందువైపు చాపలు అంచులు లేచి బురద కింద కుళ్ళుతున్నాయి. వెనక గరిక బురదను చీల్చుకుని మొనలు పెడుతోంది.

అక్టోబర్ 9, సూర్యాపేట

రేపు సద్దుల బతుకమ్మ. బజార్లో గునుగు కట్టలు కొనుక్కున్నాం. బీడులో దానంతట అది పూసే పువ్వును కొనుక్కోవాల్సి వస్తోంది, బీడుల్ని ప్లాట్లు చేశాం కాబట్టి. హాలు ప్రహరీ వెంట తంగేడు, గునుగు చల్లించాలి. గునుగు ఒక్కసారి గింజ రాలిస్తే మరుసటి ఏడు మనం చల్లక్కర్లేదు.

2025 ఫిబ్రవరి 17, దురాజ్‌పల్లి

పెద్దగట్టు జాతర. గుట్ట పక్కన కూర్చున్న గొర్లకాపరి పెద్దాయనను పలకరించాను. నా పంచెకు గుచ్చుకున్న గడ్డిగింజల్ని ఆయనే ఒక్కొక్కటి ఏరి తీశాడు. “వాన వడంగనే మొలుస్తది సారూ. ఎన్ను దీయకముందు గొర్రె ఇష్టంగ తింటది. ఎన్ను దీసినంక మూతి వెట్టదు.” ఏ గడ్డి ఏ వానకు లేస్తుందో, ఏది చెల్కది, ఏది రేగడిదో వరసపెట్టి చెప్పాడు. హాలు చుట్టూ నాటడానికి మొక్కల జాబితా కోసం ఎక్కడెక్కడో వెతికిన నాకు అరగంటలో అంతకంటే ఎక్కువ దొరికింది. రోడ్డు పక్కల, పార్కుల్లో ఏం నాటాలో మున్సిపాలిటీలు ఇలాంటివాళ్ళను పిలిచి, కూలి ఇచ్చి అడగాలి.

ఏప్రిల్ 20, కోదాడ

ముహూర్తాల రోజులు. గరిక ఎర్రబడింది, అతను భయపడ్డట్టే. పైన ఎండినా నేలలో కాడ బతికే ఉంది. గీరి చూపించాను, తెల్లగా ఉంది. మార్చి నుంచి దానికి వారానికో తడి, అదీ వంటశాలలో బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లే. నిన్నటి పెళ్ళిలో పిల్లలందరూ దాని మీదే దొర్లారు. ముందు లాన్ మీదికి వాళ్ళను పోనివ్వరు కదా.

బేరం ఇలా తేలింది: ఫోటోల కోసం వేదిక ముందు నాలుగు గుంటల్లో రెండు గుంటలు కొరియన్ గడ్డి ఉంటుంది. మిగతా రెండు గుంటలూ ఈ జూన్‌లో తీసేస్తాం. గరిక కొనక్కర్లేదు, వెనకవైపుదే తవ్వి ముందుకు నాటుతాం. కిందటేడు వచ్చిన ఆడవాళ్ళకే కబురు పెట్టమన్నాను.