ముక్తినాథ్ దారికి మా నలుగురి లెక్క



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు అడిగినప్పుడు మాకు తోచిన విషయం ఒక్కటే. ఏడాదిగా ఆదివారం కలిస్తే చాలు, మేము దాని గురించే మాట్లాడుకుంటున్నాం. వచ్చే నవంబర్‌లో మా మోటారు సైకిళ్ళ మీద నేపాల్ వెళ్ళి, హిమాలయాల్లో ముక్తినాథ్ దాకా ఎక్కి రావాలని అనుకుంటున్నాం. ప్రయాణం ఇంకా జరగలేదు. జరిగాక రాసే కథ వేరు. ముందుగా ఈ ప్రయాణాన్ని ఎలా సిద్ధం చేసుకుంటున్నామో చెబితే, రేపు మీరు ఎక్కడికి బయలుదేరినా పనికొస్తుందని రాస్తున్నాం.

మేము నలుగురం ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఈ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాం. ఇప్పుడు ఒకరు ఉపాధ్యాయుడు, ఒకరు కరెంటు లైన్‌మన్, ఒకరికి మందుల షాపు ఉంది, ఒకరు మండల కేంద్రంలో బైక్ మెకానిక్ షెడ్డు నడుపుతున్నారు. జీతాలు వేరు, బండ్లు వేరు. కలిసి తినడం మాత్రం ఇక్కడ నేర్చుకున్నదే.

ఇళ్ళల్లో ఈ మాట చెప్పగానే నాలుగు ఇళ్ళల్లోనూ ఒకటే ప్రశ్న వచ్చింది: "ఏం పని మీద పోతున్నరు బిడ్డా?" ఆ ప్రశ్నలో తప్పు లేదు. మా ఊళ్ళ నుంచి బొంబాయి పోయినవాళ్ళున్నారు, దుబాయి, మస్కట్ పోయినవాళ్ళున్నారు. అందరూ పని కోసం, అప్పు తీర్చడం కోసం పోయినవాళ్ళే. దేశం దాటడమంటే ఇంట్లో వాళ్ళకు ఏజెంటు, వడ్డీ, ఏళ్ళ తరబడి ఎదురుచూపు గుర్తొస్తాయి. ఊరికే చూడటానికి పోవడం మా ఇళ్ళల్లో వినని మాట. పని మీద పోవడం లేదమ్మా, చూసి పద్నాలుగు రోజుల్లో తిరిగొస్తామని నమ్మించడానికే మాకు మూడు నెలలు పట్టింది.

నేపాలే ఎందుకు అని చాలామంది అడిగారు. మొదటి కారణం ఖర్చు. భారత పౌరులకు నేపాల్ వెళ్ళడానికి వీసా అక్కర్లేదు. 1950లో రెండు దేశాల మధ్య కుదిరిన ఒప్పందం వల్ల రాకపోకలు సులువుగా సాగుతున్నాయి. అక్కడా మనలాగే రోడ్డుకు ఎడమ పక్కన నడపాలి. మన లైసెన్సుతో మన బండిని నడుపుకోవచ్చు. మన రూపాయికి నేపాలీ రూపాయి 1.60 చొప్పున మారకం 1993 నుంచి స్థిరంగా ఉంది కాబట్టి లెక్క వేసుకోవడం తేలిక. హిందీ వస్తే మాట కూడా నడుస్తుంది.

రెండో కారణం మన హాస్టల్ గోడ మీద ఫోటోలో ఉన్న మహనీయుడు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1956 నవంబర్‌లో, ఆరోగ్యం బాగా క్షీణించి ఉన్నా, కాఠ్మాండులో జరిగిన ప్రపంచ బౌద్ధ మహాసభకు వెళ్ళి బుద్ధుడి గురించి, కార్ల్ మార్క్స్ గురించి ప్రసంగించారు. కొద్ది రోజులకే, డిసెంబర్ 6న కన్నుమూశారు. మేము సరిహద్దు దాటాక మొదటి రాత్రి ఆగేది బుద్ధుడు పుట్టిన లుంబినిలో. అక్కడ అశోకుడు నాటించిన స్తంభం ఇప్పటికీ ఉంది. ముక్తినాథ్ కూడా హిందువులకు, బౌద్ధులకు ఇద్దరికీ పవిత్ర స్థలమే. మా నలుగురిలో గుడికి వెళ్ళేవాళ్ళున్నారు, చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు, ఎక్కడికీ వెళ్ళనివాళ్ళున్నారు. కొండలు చూడాలన్న కోరిక మాత్రం అందరిదీ.

ఇక కాగితాల సంగతి. తమ్ముళ్ళూ, ఇది శ్రద్ధగా చదవండి. నేపాల్ వెళ్ళడానికి పాస్‌పోర్టు గానీ ఓటరు గుర్తింపు కార్డు గానీ ఉండాలి. మన వయసు వాళ్ళకు ఆధార్ కార్డు చెల్లదు. మాలో ఒకరి పేరు పదో తరగతి మెమోలో ఒక రకంగా, ఓటరు కార్డులో మరో రకంగా ఉంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. బడిలో చేర్చిన రోజు ఎవరో రాసుకున్న అక్షరాలు ఇన్నేళ్ళు వెంట వచ్చాయి. అది సరిచేయించుకోవడానికి నాలుగు నెలలు తిరగాల్సి వచ్చింది. మెకానిక్ మిత్రుడి బండి సెకండ్ హ్యాండ్‌ది, ఆర్‌సీ పాత యజమాని పేరు మీదే ఉంది. సరిహద్దులో బండి కాగితాలు చూపించే అక్కడి కస్టమ్స్ అనుమతి తీసుకోవాలి. దాన్ని వాళ్ళు భన్సార్ అంటారు. ఎన్ని రోజులు ఉంటామో చెప్పి రోజుల లెక్కన రుసుము కట్టాలి. అందుకని ముందు ఆర్‌సీని ఆయన పేరుకు మార్పించాం. ఇన్సూరెన్సు కూడా మామూలుగా మన దేశానికే వర్తిస్తుంది. కొంత అదనంగా కట్టి నేపాల్‌కు పొడిగించమని కంపెనీని అడగాలి. ఉద్యోగస్తులిద్దరూ విదేశం వెళ్ళడానికి శాఖ అనుమతి కోసం అర్జీ పెట్టారు.

డబ్బు దగ్గరే అసలు చిక్కు వచ్చింది. నెలకు తలా రెండు వేలు ఒక ఉమ్మడి ఖాతాలో వేస్తున్నాం. దానికి 'సంచి' అని పేరు పెట్టుకున్నాం. పద్దెనిమిది నెలలకు 1,44,000 అవుతుంది. అయిదు నెలలు తిరగకుండానే మెకానిక్ మిత్రుడు ఒకరోజు మాతో అన్నాడు: "నేను రానురా. మీరు ముగ్గురు పోయి రండి, ఫోటోలు పంపండి." షెడ్డులో పని ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. పద్నాలుగు రోజులు షెడ్డు మూస్తే ఇల్లు ఎలా గడవాలి? పైగా ఆయనది పాత 100 సీసీ బండి. మిగతావి 125, 150 సీసీలు. తనవల్ల మేము ఆగిపోతామని ఆయన బాధ.

ఆ ఆదివారం మిగతా విషయాలన్నీ పక్కన పెట్టి దీని గురించే కూర్చున్నాం. ముగ్గురం వెళ్తే ఖర్చు తగ్గుతుంది, వేగంగా కూడా వెళ్ళొచ్చు. కానీ హాస్టల్లో కాస్మెటిక్ చార్జీలు ఆలస్యమైన నెలల్లో ఒక సబ్బును దారంతో నాలుగు ముక్కలు కోసుకున్నవాళ్ళం మేము. చివరికి మూడు నిర్ణయాలు రాసుకుని నలుగురం సంతకాలు పెట్టాం. మొదటిది, నాలుగు బండ్ల ఓవర్‌హాలింగ్ ఆయనే చేస్తాడు కనుక ఆ కూలి ఆయన వాటాలో జమ అవుతుంది. అది దయ కాదు, ఏ షెడ్డులో చేయించినా ఇవ్వాల్సిన డబ్బే. రెండోది, ప్రయాణం రోజుల్లో ఆయన ఇంటి ఖర్చుకు సంచిలోంచి ముందే ఇస్తాం. కొండల్లో బండి ఆగితే మాకు ఇంకో దిక్కు లేదు కాబట్టి దాన్ని ప్రయాణ ఖర్చులోనే రాశాం. మూడోది, 100 సీసీ బండే ముందు నడుస్తుంది. మిగతావి దాని వేగానికే నడవాలి. సామాను మొత్తం మిగతా మూడు బండ్ల మీదే.

మూడో నిర్ణయానికి ఒక లెక్క ఉంది. ముక్తినాథ్ సుమారు 3,700 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్ర మట్టం దగ్గర ఉండేదానిలో దాదాపు మూడింట రెండు వంతులే. గాలి పలచబడితే ఇంజన్‌కూ ఊపిరి ఆడదు, శక్తి బాగా పడిపోతుంది. కార్బొరేటర్ బండి అయితే గాలికి మించి పెట్రోలు తాగి నల్ల పొగ వదులుతుంది. మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్ 6 బండ్లలో చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది కాబట్టి అవి కొంతవరకు సర్దుకుంటాయి. పాత 100 సీసీకి జెట్టు, ప్లగ్గు తానే చూసుకుంటానని మిత్రుడు చెప్పాడు. బరువు లేకపోతే ఫస్టు, సెకండు గేర్లలో ఎక్కుతుందని ఆయన నమ్మకం. క్లచ్ వైర్లు, ఎక్సలేటర్ వైర్లు, స్పార్క్ ప్లగ్గులు, ట్యూబులు, చైన్ లింకులు, గాలి పంపు ఆయన జాబితాలో ఉన్నాయి. బట్టలు తడవకుండా పెట్టుకోవడానికి యూరియా బస్తాల లోపలి పాలిథిన్ సంచులు కడిగి ఆరబెట్టాం.

మనిషి సంగతి మందుల షాపు మిత్రుడు చూస్తున్నాడు. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వాంతులు, నిద్రలేమి రావచ్చు. మూడు వేలు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచకూడదంటారు. దీనికి మాత్రలు ఉన్నాయి గానీ డాక్టరును అడగకుండా వేసుకోకూడదు, సల్ఫా మందులు పడనివాళ్ళు ముఖ్యంగా జాగ్రత్తగా ఉండాలి. జబ్బు ముదిరితే అసలు మందు కిందికి దిగడమే. అందుకని నాలుగో నిర్ణయం కూడా రాసుకున్నాం: ఒక్కరికి బాగా లేకపోయినా నలుగురం దిగిపోవాలి. ముక్తినాథ్ కనుచూపు మేరలో ఉన్నా సరే.

దారి ఇలా వేసుకున్నాం. బండ్లను సికింద్రాబాద్‌లో పెట్రోలు తీసేసి రైలు పార్సిల్‌లో గోరఖ్‌పూర్ పంపాలి. అక్కడి నుంచి సుమారు వంద కిలోమీటర్లు నడిపితే సునౌలీ సరిహద్దు. లుంబిని చూసుకుని బుట్వల్, తాన్సేన్ మీదుగా పోఖరా చేరాలి. అక్కడ ఒకరోజు ఆగి అన్నపూర్ణ రక్షిత ప్రాంతం అనుమతి తీసుకోవాలి. తర్వాత బేని, తాతోపాని, మార్ఫా, జోమ్‌సోమ్, కాగ్‌బేని. ఈ దారంతా కాళీగండకి నది వెంటే. ఒకపక్క 8,167 మీటర్ల ధవళగిరి, ఇంకోపక్క 8,091 మీటర్ల అన్నపూర్ణ, మధ్యలో లోయ. ఆ లోయలో పొద్దెక్కేకొద్దీ గాలి విపరీతంగా వీస్తుంది, చిన్న బండిని పక్కకు నెట్టగలదు. కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరి మధ్యాహ్నానికి ఆగిపోవాలి. స్టడీ అవర్ కోసం అయిదింటికి లేచిన అలవాటు అక్కడ పనికొస్తుంది. కాగ్‌బేని దగ్గర సుమారు 2,800 మీటర్ల ఎత్తులో రెండు రాత్రులు ఉండి, ముక్తినాథ్‌కు పొద్దున వెళ్ళి అదేరోజు కిందికి వచ్చి పడుకుంటాం. కాగ్‌బేని దాటి ఉత్తరాన ఎగువ ముస్తాంగ్‌కు ప్రత్యేక అనుమతి కావాలి, దాని ఖరీదు మా సంచికి అందదు. గోరఖ్‌పూర్ నుంచి పోను రాను సుమారు వెయ్యి కిలోమీటర్లు.

నవంబర్ ఎందుకంటే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ వానలు, కొండచరియలు. 2024 సెప్టెంబర్ చివరి వానలకు నేపాల్‌లో 200 మందికి పైగా చనిపోయారు. వానలు వెళ్ళి, దశైన్, తిహార్ పండుగల రద్దీ తగ్గాక ఆకాశం తేటగా ఉంటుంది. పెద్ద నోట్ల మీద 2018లో నేపాల్ ఆంక్షలు పెట్టింది, ఆ తర్వాత కూడా నిబంధనలు మారుతూ వచ్చాయి కాబట్టి వంద నోట్లు ఎక్కువగా తీసుకెళ్తాం. తిండికి బెంగ లేదు. అక్కడ రెండు పూటలా దాల్ భాత్: అన్నం, పప్పు, కూర, పచ్చడి. అడిగితే మళ్ళీ వడ్డిస్తారట. మన మెస్సులో పెరిగినవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి?

మొన్న హాస్టల్‌కు వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు అడిగాడు, "అక్కడ కూడా మనలాంటివాళ్ళు ఉంటారా అన్నా?" అని. ఉంటారు. కమ్మరి పని చేసే కామీలు, బట్టలు కుట్టే దమాయిలు, చెప్పులు కుట్టే సార్కీలు. 1963లో అక్కడి చట్టం కులాన్ని బట్టి చూపే వివక్షను తీసేసినా, పల్లెల్లో అది పూర్తిగా పోలేదు. వీలైతే వాళ్ళ ఇళ్ళల్లో కూర్చుని నాలుగు మాటలు మాట్లాడి రావాలని ఆ ప్రశ్న విన్నాకే మా జాబితాలో రాసుకున్నాం.

ఇంకా రెండు పనులు మిగిలాయి: శాఖ అనుమతి రావాలి, రైలు టికెట్లు తీయాలి. అంతలోపు తమ్ముళ్ళకు మేము చెప్పేది ఇదే. పదో తరగతి దరఖాస్తు నింపేటప్పుడు మీ పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఇంట్లో వాళ్ళ కార్డులతో కలుస్తున్నాయో లేదో వార్డెన్ గారికి చూపించి అడగండి. పద్దెనిమిదేళ్ళు నిండగానే ఓటరు కార్డు తీసుకోండి. మీరు ఎక్కడికి పోవాలనుకున్నా మొదట అడిగేవి అవే. మా ప్రయాణం అయ్యాక ఒక ఆదివారం వచ్చి, ఫోటోలు చూపించి, ఖర్చు పుస్తకం హాస్టల్ లైబ్రరీలో పెట్టి వెళ్తాం. తర్వాత వెళ్ళేవాళ్ళకు అది పనికొస్తుంది.