మామ్మ వీణ, మనవరాలి గిటారు

పార్వతీపురంలో వానలు మొదలైన రెండు వారాలకే గిటారు మొండికేసింది. తీగలు నొక్కితే వేళ్లు మండుతున్నాయి. శ్రుతి పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా! పదో తరగతి మార్కులు చూసి నాన్న కొనిచ్చిన గిటారది. ‘‘పాడు కంపెనీ’’ అని విసుక్కుంటూ దాన్ని గోడకు చేరేసిందా అమ్మాయి.

పూలు కడుతున్న మామ్మ తలెత్తింది. ‘‘కంపెనీ ఏటి చేసిందే? నువ్వు చేరేసిన గోడ చూడు.’’

గోడంతా చెమ్మ.

మామ్మకు గిటారు తెలీదు. చెక్క తెలుసు. పుట్టింటివాళ్లు పెళ్లికిచ్చిన బొబ్బిలి వీణ ఉందామెకు. గొల్లపల్లి సర్వసిద్ధుల చేతిలో, ఒకే పనస దుంగలోంచి రూపుదిద్దుకున్న ఏకాండి వీణ. దాని 24 మెట్లూ నల్లటి మైనం మీదే కూర్చుంటాయి. ఒక వేసవిలో ఊరెళ్తూ దాన్ని రేకుల గదిలో అటక మీద పెట్టారు. వచ్చేసరికి మైనం మెత్తబడి మెట్లు ఒరిగిపోయాయి. బాగుచేయిద్దామనుకుంటూనే పిల్లల చదువులూ పెళ్లిళ్లూ అయిపోయాయి. నలభై ఏళ్లుగా వీణ దుప్పటి కప్పుకునే ఉంది.

‘‘చెట్టు కొట్టేసినా చెక్కకు దాహం పోదే’’ అంది మామ్మ.

నిజమే. తేమ ఎక్కువైతే చెక్క ఉబ్బుతుంది. గిటారు పైపలక పొట్టలా లేచి తీగలు ఎత్తవుతాయి. గాలి మరీ పొడిబారితే చెక్క కుంచించుకుని పగుళ్లిస్తుంది. ఎండలో నిలిపిన కార్లో వదిలేస్తే జిగురే పట్టు తప్పుతుంది. 45 నుంచి 55 శాతం తేమ ఉంటే గిటారుకు హాయి. కొండల పక్క ఊళ్లో, వానాకాలంలో, అది దాటడమెంతసేపు!

మనవరాలు జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ తెచ్చింది. మామ్మ చెయ్యి పట్టుకుంది. ‘‘ఒక్కసారిగా వేడి తగిలితే చీలిపోద్ది. మెల్లగా ఆరనీ.’’

పొడిబట్టతో తుడిచారు. తీగలు కాస్త వదులు చేశారు. వాన తగలని లోపలి గదిలో, పెట్టెలో పెట్టి సిలికా జెల్ పొట్లాలు వేశారు. పక్కనే చిన్న తేమ మీటరు. గాలి పొడిబారాక ఆ పొట్లాలు తీసేయాలనీ రాసిపెట్టుకున్నారు.

రెండు వారాలకు తీగలు దారికొచ్చాయి. మనవరాలు వాయిస్తుంటే, మామ్మ వేళ్లు చీర కుచ్చిళ్ల మీద కదిలాయి. అమ్మాయి చూసింది.

‘‘మామ్మా, బొబ్బిలికి రైల్లో ఎంతసేపు?’’

‘‘గంట కూడా పట్టదే.’’

ఆ ఆదివారం బొంతలో చుట్టిన వీణ రైలెక్కింది. దారిలో మబ్బు విడిచి ఎండ కాసింది. మామ్మ గబగబా లేచి కిటికీ దించేసింది.