గళ్ళ చొక్కా గిటారు మనిషి

రోరీ గ్యాలగర్ అనే పేరు మన షోలాపూరు పేటల్లో ఎవరూ విని ఉండరు. ఐర్లాండు దేశం మనిషి. గిటారు వాయిస్తూ పాడేవాడు. 1995లో 47 ఏళ్ళకే చనిపోయాడు. నాకు ఇంగ్లీషు రాదు. నాలుగో తరగతి దాకా తెలుగు బడిలో చదివి పనిలోకి పోయినవాణ్ణి. అయినా రెండేళ్ళ నుంచి ఈయన పాటలే వింటున్నా. మా కోడలు నవ్వుతది. “మామా, ఆ మాటలు నీకు సమజైతయా?” అని అడుగుతది. మాటలు కావు. కానీ పని చేసేవాడి చెయ్యి ఎట్లుంటదో నాకు తెలుసు గదా.

ముందు నా చెవుల సంగతి చెప్పాలి. ముప్పై ఐదేళ్ళు సాంచెల మధ్య నిలబడ్డాను. మన వాళ్ళకు ఇది చెప్పనక్కర లేదు, లూముల ఖాతాలో మాట వినబడదు, పెదవులు చూసి మాట్లాడుకుంటాం. పని మానేసేనాటికి సన్నని చప్పుళ్ళన్నీ పోయినవి. కుక్కరు విజిలు, పిట్టల అరుపు, చిన్న మనవరాలి మాట సగమే అందుతయి. లావు చప్పుళ్ళు అందుతయి. మా పెద్ద మనవడు పాలిటెక్నిక్కులో చదువుతాడు, వాడికి గిటారు పిచ్చి. వాడొకనాడు చిన్న స్పీకరును నా మంచం పట్టె మీద పెట్టి ఈయన పాట పెట్టాడు. పట్టె మీద నా చెయ్యి ఉంది. ఆ దడ చేతిలోంచి ఎక్కింది. మంచి మాస్టరు సెట్టు చేసిన సాంచె మీద చెయ్యి వేస్తే ఎట్లుంటదో అట్లుంది. ఇక్కడ రాసిన సంగతులన్నీ వాడు ఫోనులో చదివి మన భాషలో చెప్పినవే. నేను మళ్ళీ మళ్ళీ అడిగి రాసుకున్నాను.

ఈ పాటల తీరును బ్లూస్ అంటారు. ఇది పత్తి చేలల్లో పెరిగిన పాట. ఆఫ్రికా నుంచి అమెరికాకు బానిసలుగా పట్టుకుపోయిన మనుషుల పిల్లలు, మనవలు మిసిసిపి వైపు పత్తి తీస్తూ, కూలి చాలక, అప్పు తీరక పాడుకున్న పాటలు. మడ్డీ వాటర్స్ అనే పెద్ద గాయకుడు అక్కడి పత్తి తోటలో ట్రాక్టరు నడిపినవాడు. 1941లో ఒకాయన ఊళ్ళు తిరుగుతూ వచ్చి ఆయన ఇంటి దగ్గరే మొదటిసారి ఆయన పాట రికార్డు చేశాడు. పత్తి ఎక్కడ పోతే అక్కడ మిల్లు, మిల్లు ఉన్నచోట మనం. అందుకనేనేమో ఆ పాట నాకు కొత్తగా అనిపించలేదు.

రోరీ 1948లో ఐర్లాండులోని బాలీషానన్ అనే ఊరిలో పుట్టాడు. వాళ్ళ నాన్న అక్కడ కరెంటు డ్యామ్ కట్టే పనిలో ఉండేవాడు, అకార్డియన్ వాయించేవాడు. తరవాత తల్లి, తమ్ముడు డోనల్‌తో కార్క్ పట్నం చేరాడు. రేడియోలో అమెరికా పాటలు విని తనంతట తానే నేర్చుకున్నాడు. పదిహేనేళ్ళకు పెళ్ళిళ్ళకు, డాన్సులకు వాయించే బ్యాండులో చేరాడు. 1963లో కార్క్‌లో ఒక దుకాణంలో 100 పౌండ్లకు పాత స్ట్రాటోకాస్టర్ గిటారు, కిస్తీల మీద కొన్నాడు. ఆ రోజుల్లో అది మామూలు ఇంటికి మోయలేని బరువు. తల్లి భయపడింది. “ఈ గిటారుంటే ఇద్దరు వాయించే పని నేనొక్కణ్ణే చేస్తానమ్మా, ఇంకో మనిషి కూలి మిగులుతది” అని ఒప్పించాడని చెబుతారు. ఈ మాట విన్నప్పుడు నేను గట్టిగా నవ్వాను. రెండు సాంచెలు చూసేవాడు నాలుగు చూస్తానని ఆసామికి చెప్పినట్టే ఉంది. తల్లికి చెప్పాడు కాబట్టి సరిపోయింది, ఆసామికి చెప్తే అందరి కొంప మునుగుతది.

ఆ గిటారును జీవితమంతా వదలలేదు. ఒకసారి డబ్లిన్‌లో దొంగలెత్తుకు పోయారు, కొన్నాళ్ళకు గుంటలో పారేసి ఉండగా దొరికింది. చెమటకు దాని రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయి లోపలి కర్ర బయటపడింది. ఫొటో చూసి మా మనవణ్ణి అడిగాను, మళ్ళీ రంగు వేయించలేదా అని. లేదట. మన పాత నాడెలు కూడా చెయ్యి తగిలేచోట అట్లాగే నున్నగై మెరిసేవి.

ఇంకొకటి ఆయన చొక్కా. ఎక్కడ చూసినా గళ్ళ చొక్కా, జీన్సు ప్యాంటు. కచేరీకి వేరే బట్టలు లేవు, కూలికి పోయే మనిషిలాగే ఎక్కేవాడు. గళ్ళ బట్ట నేయడం ఎంత పనో మన వాళ్ళకు తెలుసు. పడుగులో రంగులు లెక్కగా రావాలి, పేకలో రంగు మారినప్పుడల్లా నాడె మారాలి, డ్రాపు బాక్సు ఒక్కసారి ఎగిరిందంటే గడి చెడిపోతది. సరే, చొక్కా గురించి ఎక్కువ చెబితే మా మనవడు కోప్పడతాడు, పాటల గురించి రాయి తాతా అని.

1966లో టేస్ట్ అనే పేరుతో ముగ్గురి బ్యాండు పెట్టాడు. ముగ్గురంటే మన బుర్రకథ లెక్క అనుకోండి. నడుమ కథకుడు, అటూ ఇటూ వంతలు. ఇక్కడ నడుమ రోరీ, ఒక పక్క బేస్ గిటారు, ఇంకో పక్క డ్రమ్ములు. 1969లో, 1970లో రెండు రికార్డులు వచ్చాయి. 1970 ఆగస్టులో ఇంగ్లండు దగ్గర ఐల్ ఆఫ్ వైట్ దీవిలో లక్షలమంది ముందు వాయించారు. ఆ ఏడాది ఆఖరుకే బ్యాండు విడిపోయింది. డబ్బు లెక్కల తగాదా. పేరు వచ్చింది, డబ్బు చేతికి రాలేదు. మా మిల్లు మూసినప్పుడు మాకు రావలసినవి కూడా అంతే, కాగితం మీద ఉన్నాయి.

తరవాత సొంత పేరు మీద మొదలుపెట్టాడు. 1971లోనే రెండు రికార్డులు, ‘రోరీ గ్యాలగర్’, ‘డ్యూస్’. 1972లో ‘లైవ్ ఇన్ యూరప్’. 1973లో మళ్ళీ రెండు, ‘బ్లూప్రింట్’, ‘టాటూ’. ఏడాదంతా ఊరూరా కచేరీలు, నడుమ దొరికిన కాస్త టైములో స్టూడియో. ‘డ్యూస్’ రికార్డింగును కచేరీలకు ముందో తరవాతో, ఒళ్ళు వేడిగా ఉన్నప్పుడే చేశాడట. 1971 డిసెంబరులో ఆ మడ్డీ వాటర్సే లండన్ వచ్చి రికార్డు చేస్తుంటే రోరీ కూడా అందులో వాయించాడు. రేడియోలో విని నేర్చుకున్న పాట తాలూకు పెద్దమనిషి పక్కన కూర్చుని వాయించడమంటే ఊరికే కాదు. ఇంగ్లండులో సంగీతం పత్రిక ‘మెలొడీ మేకర్’ చదివేవాళ్ళు 1970ల మొదట్లో ఎరిక్ క్లాప్టన్‌ను కూడా దాటించి ఈయనను మేటి గిటారు వాద్యగాడిగా ఎన్నుకున్నారు.

ఒక్క పాటను చిన్న ప్లేటుగా అమ్మడాన్ని సింగిల్ అంటారు. రేడియోలో మోగేవి, డబ్బు తెచ్చేవి అవే. ఈయన సింగిల్ వద్దన్నాడు. 1975 జనవరిలో రోలింగ్ స్టోన్స్ అనే పెద్ద బ్యాండు కొత్త గిటారు మనిషి కోసం వెతుకుతూ రోటర్‌డామ్‌కు పిలిచింది. పోయాడు, వాళ్ళతో వాయించాడు, తన జపాను కచేరీలు ఒప్పుకుని ఉన్నాయని వెళ్ళిపోయాడు.

రికార్డుల్లో నాకు ఎక్కువ నచ్చింది ‘ఐరిష్ టూర్ 74’. 1974 జనవరిలో బెల్‌ఫాస్ట్, డబ్లిన్, కార్క్ కచేరీల్లో, జనం ముందు వాయిస్తుంటే పట్టుకున్న పాటలు. అప్పుడు బెల్‌ఫాస్ట్‌లో బాంబులు పేలుతున్నాయి. కేథలిక్కులకు, ప్రొటెస్టెంట్లకు పడదు, సందు సందుకు సైన్యం. బయటి పాటగాళ్ళు చాలామంది ఆ ఊరికి రావడం మానేశారు. రోరీ మానలేదు. హాల్లోకి రెండు వైపుల పిల్లలూ వచ్చేవాళ్ళు, ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళు. రికార్డులో జనం కేకలు వినబడతయి. ఆ కేకలు నా చెవికి బాగానే అందుతయి.

ఇప్పుడు నాకూ మా మనవడికీ పేచీ వచ్చిన సంగతి. 1977 చివర్లో రోరీ అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు పోయి రికార్డు మొదలుపెట్టాడు. పేరున్న ప్రొడ్యూసరు, మంచి స్టూడియో. పాటలన్నీ వాయించి అయిపోయాయి. ఎవరి చప్పుడు ఎంత ఉండాలో కలిపి చూసే పనిని మిక్సింగ్ అంటారు, అది మాత్రం తెగలేదు. వారాలు గడిచినా ఈయనకు తృప్తి లేదు. మరీ నున్నగా, పాలిష్ పట్టినట్టు వస్తుందని బాధ. అదే ఊళ్ళో 1978 జనవరిలో సెక్స్ పిస్టల్స్ అనే కుర్రాళ్ళ బ్యాండు ఆఖరి కచేరీ చూశాడు. వాళ్ళది మోటు వాయింపు, కానీ నిప్పు ఉంది. కంపెనీవాళ్ళు వినడానికి వచ్చే టైముకు తయారైన రికార్డును చెత్తబుట్టలో వేసేశాడు. ఆపైన కారు తలుపులో పడి బొటనవేలు విరిగింది. నయమయ్యాక బ్యాండునే మార్చాడు. పియానో వాయించే లూ మార్టిన్, డ్రమ్ముల రాడ్ డియాత్ పోయారు. బేస్ వాయించే జెర్రీ మెకావాయ్ ఒక్కడే మిగిలాడు. ఆయన రోరీతో మొత్తం 20 ఏళ్ళు ఉన్నాడు. మళ్ళీ ముగ్గురై జర్మనీలో కొత్తగా వాయించి, గడువుకు సరిగ్గా అందించారు. అందుకే దానికి ‘ఫొటో ఫినిష్’ అని గుర్రప్పందేల మాట పెట్టారట.

మా మనవడికి ఈ కథంటే ప్రాణం. “చూసినవా తాతా, మనసుకు నచ్చకపోతే ఎంత ఖర్చయినా పారేసిండు” అంటాడు. నేను ఒప్పుకోను. బట్ట బాగాలేదని పక్కన పెట్టేవాణ్ణి నేనూ గౌరవిస్తాను. మా మిల్లులో ఘడీ ఖాతాలో బట్ట పరచి చూసేవాళ్ళు. డ్యామేజీ కనబడితే నేసినవాడి కూలి కోసేవాళ్ళు. నూలే చెడ్డది వచ్చినా, కండె సరిగ్గా చుట్టకపోయినా కోత మాత్రం మాకే. ఒక దీపావళి ముందు నాలుగు థానులకు కోత పడితే పిల్లలకు బట్టలు కుట్టించలేదు. అందుకని పారేసిన రికార్డు కథ వినగానే నాకు రోరీ గుర్తుకు రాలేదు, లూ మార్టిన్ గుర్తుకొచ్చాడు. అతని వేళ్ళ పని కూడా ఆ బుట్టలో ఉంది. అతణ్ణి అడిగారా? పడుగు ఒకడిది, పేక ఒకడిది అయినప్పుడు బట్టను ఒక్కడే చింపవచ్చునా? మనవడు అంటాడు, బీము మీద పేరు రోరీది, మాట పడేది రోరీయే అని. అదీ నిజమే. ఇద్దరం ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ తరవాతి కథ బాధగా ఉంటది. 1979లో ‘టాప్ ప్రయారిటీ’, 1982లో ‘జింక్స్’. ఆపైన ఐదేళ్ళు కొత్త రికార్డే లేదు. తృప్తి పడలేకపోవడం ముదిరింది. విమానమంటే భయం, దానికి మందులు, పైన తాగుడు. 1987లో ‘డిఫెండర్’, 1990లో ‘ఫ్రెష్ ఎవిడెన్స్’ తీసుకొచ్చాడు. అదే చివరిది. పెళ్ళి చేసుకోలేదు. 1995 జనవరిలో ఆఖరి కచేరీ, లండన్ ఆసుపత్రిలో కాలేయం మార్చారు, మార్చింది ఒళ్ళు పట్టుకుంటున్నదనగా ఇన్ఫెక్షన్ వచ్చి జూన్ 14న పోయాడు. కార్క్ దగ్గర పూడ్చారు.

చెత్తబుట్టలో వేసిన ఆ పాటల అసలు టేపులు మాత్రం పోలేదు. తమ్ముడు డోనల్ దాచాడు. డోనల్ కొడుకు వాటిని మళ్ళీ మిక్సింగ్ చేశాడు, 2011లో ‘నోట్స్ ఫ్రమ్ శాన్‌ఫ్రాన్సిస్కో’ అని బయటికి వచ్చాయి. విన్నాను. పియానో బాగుంది. ఎక్కడా పోగు తెగినట్టు లేదు. మనవడితో అదే అన్నాను, వాడు ఏమీ అనలేదు, సౌండు కొంచెం పెంచాడు.

ఆ గిటారును 2024 అక్టోబరులో లండన్‌లో వేలం వేశారు. 100 పౌండ్ల కిస్తీ సరుకు ఏడు లక్షల పౌండ్లు పలికింది, కమిషను వేరే. కొన్నవాళ్ళు దాన్ని ఐర్లాండు జాతీయ మ్యూజియానికి ఇస్తామన్నారు. మంచిదే.

వినాలనుకునేవాళ్ళు ‘ఐరిష్ టూర్ 74’తో మొదలుపెట్టండి. అందులో ‘ఎ మిలియన్ మైల్స్ అవే’ అనే పాట పెద్దది, నిదానంగా పోతది, తొందరపడి మార్చకండి. నాలాగ సాంచెల్లో చెవులు పోగొట్టుకున్నవాళ్ళు స్పీకరును బల్ల మీద కాదు, మంచం పట్టె మీదనో చెక్కపెట్టె మీదనో పెట్టి చెయ్యి ఆనించండి. ఇంట్లో ఆడవాళ్ళు బీడీలు చుట్టేటప్పుడు పెడితే మొదట కసురుతారు. మా ఇంట్లో ఇప్పుడు కసరడం లేదు.