గేటు దాకా మన కాళ్ళతోనే

జహీరాబాదులో పనులు లేవన్న మాట మన ఇళ్ళలో తరచు వినబడుతూ ఉంటుంది. చాలా ఏళ్ళుగా ఈ ఊరి మదరసాలో పాఠాలు చెబుతున్న మాకు ఆ మాట సగమే నిజమని తోస్తుంది. పనులున్నాయి. కాని పని ఇచ్చేవారికీ, పని కోరేవారికీ నడుమ ఒక మధ్యవర్తి నిలిచి, ఆ ఇద్దరినీ కలిపినందుకు పేదవాని వద్దనే రుసుము పుచ్చుకుంటున్నాడు.

మన పట్టణం హైదరాబాదు-ముంబయి రహదారిపై ఉంది. 1980లలో హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపానుకు చెందిన నిస్సాన్‌తో కలిసి ఇక్కడ తేలికపాటి వాణిజ్య వాహనాలను తయారు చేసింది. ఆ కర్మాగారం తరువాత మహీంద్రా చేతికి వచ్చింది. 2013లో అదే సంస్థ ట్రాక్టర్ల కర్మాగారాన్ని ప్రారంభించింది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో నిమ్జ్ కోసం భూములు సేకరించారు. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాలలో జహీరాబాదు ఒకటి. భూములిచ్చిన ఇళ్ళ పిల్లలే రేపు ఆ గేట్ల ముందు నిలబడతారు. వారు అక్కడికి ఎవరి వెంట వెళ్తారన్నదే మా ఆందోళన.

మా వద్ద హిఫ్జ్ చేస్తున్న ఒక విద్యార్థి అన్నయ్య ఐటిఐలో ఫిట్టర్ ట్రేడు పూర్తి చేశాడు. కంపెనీలో పని ఇప్పిస్తానన్న ఒక వ్యక్తికి ఆ ఇంటివారు తల్లి చెవికమ్మలు కుదువబెట్టి డబ్బు ఇచ్చారు. నాలుగు నెలలు గడిచినా పిలుపు రాలేదు. ఆ వ్యక్తి ఫోను ఎత్తడం కూడా మానివేశాడు. ఆ తల్లి మదరసాకు వచ్చి, "మౌలానా సాబ్, మావాడి కోసం కంపెనీవాళ్ళకు ఒక చిట్టీ రాసివ్వండి" అని వేడుకుంది. మా చిట్టీ మదరసాలలో చెల్లుతుంది గాని కర్మాగారం గేటు వద్ద చెల్లదని ఆమెకు తెలియజెప్పి, ఆ అబ్బాయిని పిలిపించాము.

ఫోనులోని గూగుల్ మ్యాప్ అతనికి కొత్తది కాదు. పెళ్ళిళ్ళకు ఫంక్షన్ హాలు వెతుక్కోవడానికి దానినే వాడుతూ ఉంటాడు. అదే మ్యాపును పని కోసం చూడమన్నాము. 'ఇండస్ట్రీస్', 'ఇంజనీరింగ్ వర్క్స్', 'ఫ్యాబ్రికేషన్', 'కోల్డ్ స్టోరేజ్' అని ఒక్కొక్క మాటే రాసి వెతికాడు. మ్యాపును వేలితో సదాశివపేట వైపు, బీదరు వైపు జరిపి అక్కడ మళ్ళీ వెతికాడు. అంతవరకు నాలుగైదు పెద్ద కంపెనీల పేర్లు మాత్రమే ఎరిగిన అతనికి ఇరవైకి పైగా చిన్న యూనిట్లు కనబడ్డాయి. ఇటువంటివి సాధారణంగా పత్రికలో ప్రకటన ఇవ్వవు; మనిషి అవసరమైతే గేటుకు 'హెల్పర్లు కావలెను' అని ఒక అట్ట కట్టి ఊరుకుంటాయి. మ్యాపు ఖాళీలను చూపదు. పని ఇవ్వగలవారు ఎక్కడ ఉన్నారో చూపుతుంది. తక్కినది మనిషి వెళ్ళి తెలుసుకోవలసిందే.

అతని చేత ఒక నోటుబుక్కు పెట్టించాము. ఒక్కొక్క పేరుకు ఒక వరుస: ఇంటి నుండి దూరం, బస్సు ఛార్జీ, ఫోను నంబరు, మాట్లాడిన తేదీ, వారిచ్చిన జవాబు. ఛార్జీ రాసుకుంటే జీతంలో ఎంత భాగం దారిలోనే పోతుందో ముందే తెలుస్తుంది. ఫోనులో అడగవలసిన మాటలు మూడే. ఫిట్టర్ల అవసరం ఉందా? లేకుంటే 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద అప్రెంటిస్‌గా తీసుకుంటారా? సర్టిఫికెట్లతో ఎవరిని, ఎప్పుడు కలవాలి?

అతడు పద్నాలుగు చోట్లకు వెళ్ళాడు. కొన్ని యూనిట్లు ఎప్పుడో మూతబడ్డాయి. మ్యాపులో మాత్రం ఇంకా తెరిచే ఉన్నాయి. ఆరు చోట్ల కాగితాలు తీసుకున్నారు. మూడవ వారంలో, ట్రాక్టరు ట్రాలీలు తయారు చేసే ఒక చిన్న యూనిట్ యజమాని నెల రోజులు పని చూస్తానని పిలిచాడు. జీతం ఆ మధ్యవర్తి ఆశ చూపినదానికంటే తక్కువే. అయినా మొదటి నెల జీతం పూర్తిగా ఇంటికి చేరింది. చెవికమ్మలు ఇంకా విడిపించవలసే ఉంది.

ఈ దారిలోనూ ముళ్ళున్నాయి. మ్యాపులోని వివరాలను మార్చమని ఎవరైనా సూచించవచ్చు గనుక, మోసగాళ్ళు సంస్థల పేరిట తమ నంబర్లు చేర్చిన ఉదంతాలు ఉన్నాయి. నంబరును సంస్థ సొంత వెబ్‌సైటులో సరిచూసుకోవాలి. రిజిస్ట్రేషన్ అనీ, డిపాజిట్ అనీ ముందుగా డబ్బు అడిగితే అక్కడితోనే మాట ముగించాలి. ఓటీపీ ఎవరికీ చెప్పరాదు. పెద్ద కర్మాగారాలలో గేటు వద్దనే కాంట్రాక్టరు పేరు చెప్పి పంపవచ్చు. అతనిని కలవడంలో తప్పు లేదు. పని కోసం అతనికి డబ్బు కట్టరాదు. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా అని మర్యాదగా అడగాలి. గల్ఫ్ పనుల విషయంలో 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిక్రూటింగ్ ఏజెంటు ప్రభుత్వం వద్ద రిజిస్టరై ఉండాలి. అతని పేరు ఉందో లేదో ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసిన తరువాతే పాస్‌పోర్టు బయటకు తీయాలి.

దివ్యఖుర్ఆన్‌లోని అల్ ఖసస్ సూరాలో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మద్యన్ చేరిన ఘట్టం ఉంది. పరాయి ప్రాంతం, చేతిలో ఏమీ లేదు. ఆయన ముందుగా ఇద్దరు స్త్రీల పశువులకు నీళ్ళు పెట్టారు. బలమూ, నమ్మకమూ గల ఇతనిని పనిలో పెట్టుకోమని వారిలో ఒకామె తన తండ్రికి చెప్పింది. ఎనిమిదేళ్ళా, పదేళ్ళా అన్న షరతును పని ఇచ్చేవారు, పని చేసేవారు ముఖాముఖిగా మాట్లాడుకున్నారు. సిఫారసు చేసింది ఆయన పనీ, నడవడికే. మన పిల్లలు గేటు దాకా వెళ్ళిన తరువాత వారికీ అక్కరకు వచ్చేవి ఆ రెండే.

ఆడపిల్లల తల్లిదండ్రులు దూరమని వెనుకాడుతారు. బడి, ఆసుపత్రి, కుట్టుపని యూనిట్ ఇంటికి ఎన్ని నిమిషాల దూరమో మ్యాపు చెబుతుంది. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఛార్జీ లేదు. వారి నోటుబుక్కులో ఆ గడిలో సున్నా వేసుకోవచ్చు.

పని ఇచ్చే సోదరులకు ఒక మనవి. మీ దుకాణం, మీ యూనిట్ పేరును సరైన నంబరుతో మ్యాపులో మీరే నమోదు చేయండి. ఫోను చేసిన కుర్రవానికి పని లేకుంటే లేదని సౌమ్యంగా చెప్పండి. ఇక ప్రతి మహల్లాలో చదువుకున్నవారు ఇద్దరు, వారానికొక సాయంత్రం అస్ర్ నమాజు తరువాత మస్జిదు వరండాలో కూర్చుని, పని వెతికే పిల్లలకు ఈ వెతుకులాట నేర్పాలని మా కోరిక. ఆ గంటకు మాత్రం ఎవరూ రుసుము తీసుకోరాదు. మన పిల్లల చెమటకు హలాల్ ప్రతిఫలాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.