బోరు నీళ్లు, కిట్టు ఫౌంటెన్

ఏప్రిల్ 4, హైదరాబాద్
బోరు అడుగంటుతోంది. ఎండలు ముదిరేకొద్దీ బకెట్ అంచున తెల్లచార మందమవుతోంది. మా పిల్లి కిట్టు నీళ్లు తాగే ఫౌంటెన్ చుట్టూ అదే చార.

ఏప్రిల్ 7
టీకాకు తీసుకెళ్తే పశువుల డాక్టరు గారు మళ్లీ అదే మాట: "ఏ నీళ్లన్నది తరవాతమ్మా, ముందు బాగా తాగాలి వీడు."

నిరుడు వీడికి మూత్రం ఆగిపోయింది. మట్టి పెట్టెలో కూర్చుని ముక్కుతాడు, అరుస్తాడు, బొట్టు రాదు. మగపిల్లికి మూత్రనాళం బాగా సన్నం. సన్నటి స్ఫటికాలు, జిగురు చేరినా మూసుకుపోతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. మగపిల్లి ఉన్న ప్రతి ఇంట్లో ఇది తెలిసి ఉండాలి. మలబద్ధకమేమోలే అని తెల్లారేదాకా ఆగకూడదు.

ఏప్రిల్ 8
పిల్లి పూర్వీకులు ఎడారి అంచుల అడవిపిల్లులు. వేటాడిన ఎలుక ఒంట్లోని నీరే వాటికి చాలావరకు సరిపోయేది. ఇప్పుడు మనం పెట్టే డ్రై ఫుడ్‌లో నీరు నూటికి పది పాళ్లు. దాహం మాత్రం ఆనాటిదే. పారే నీళ్లు చూస్తే కొన్ని పిల్లులకు తాగబుద్ధవుతుంది, కొన్ని పట్టించుకోవు. కిట్టు గంటలకొద్దీ ఫౌంటెన్ ముందే కూర్చుంటాడు.

ఏప్రిల్ 12
పక్క ఫ్లాట్ ఆంటీ అడిగారు, "ఫిల్టర్ ఉందిగా, బోరు నీళ్లు పోస్తే ఏం?"

బొగ్గు ఫిల్టర్ క్లోరిన్ వాసన తీస్తుంది, పైనున్న స్పాంజి వెంట్రుకల్ని ఆపుతుంది. కరిగిపోయిన కాల్షియం, మెగ్నీషియం బొగ్గునూ స్పాంజినీ దాటుకుని వచ్చేస్తాయి. కొన్ని ఫిల్టర్లలో రెజిన్ పూసలు ఉంటాయి. మా బోరు ముందు అవి ఎన్నాళ్లో నిలవవు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేకపోతే 600 దాకా. మా బోరు ఆ రెండో గీతా దాటింది.

ఇంకో సంగతి కూడా చెప్పాను. ఆవిరయ్యేది నీరే, ఉప్పులు తొట్టిలోనే ఉంటాయి. తగ్గినప్పుడల్లా పైపైన పోస్తుంటే నీళ్లు ఇంకా చిక్కబడతాయి. మొత్తం పారబోసి కొత్తవి పోయాలి.

ఏప్రిల్ 19
ఫౌంటెన్ మోటారు గుర్రుమంది, ధార సన్నబడింది. విప్పితే లోపలి చిన్న చక్రానికి సున్నం పట్టి ఉంది. గోరువెచ్చటి నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి నానబెడితే బుసబుసా పొంగి వదిలింది. వెనిగరైనా పనికొస్తుంది, వాసన పోయేదాకా కడగాలి. వీటితో బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది.

మూత్రంలో రాళ్లకు బోరు నీళ్లకంటే తిండీ, తక్కువ తాగడమూ పెద్ద కారణాలన్నారు డాక్టరు గారు. నాకు భయం ఈ సున్నం గురించే. మోటారు ఆగితే కిట్టు అటువైపు పోడు.

ఏప్రిల్ 26
కాచితే కఠినత్వం కొంత అడుగున పేరుకుంటుంది, కొంత అలాగే ఉండిపోతుంది. అందుకే ఫౌంటెన్‌లో నల్లా నీళ్లు పోస్తున్నాను. నల్లా రాని రోజు వంటింటి ఆర్వో నీళ్లు. "పోయవే, అదీ ప్రాణమేగా" అంది అమ్మ.

మే 2
సాయంత్రం చాలాసేపు కరెంటు లేదు, ఫౌంటెన్ ఆగిపోయింది. హాల్లో, బాల్కనీలో వెడల్పాటి స్టీలు గిన్నెలు పెట్టాను, ఇక అవి తియ్యను. తడి తిండి కూడా పూటకి కాస్త పెంచాను. మట్టి పెట్టెలో మూత్రం గడ్డలు పెద్దవిగానే కనిపిస్తున్నాయి. డాక్టరు గారికి ఫోన్ చేసి చెప్పాను.