ఇద్దరం ఎక్కాక బండి లెక్క

షోరూంలో ఇచ్చే కాగితం మీద బండి బరువు ఉంటుంది గానీ, ఎక్కేవాళ్ల బరువు ఉండదు. పవర్, బరువు పోల్చి బండి కొనాలనుకునేవాళ్లు ముందు ఈ లెక్క సరిచూసుకోవాలని గట్టిగా చెబుతాను.

నేను టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 160 4వీ, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 మధ్య చాలా రోజులు ఊగాను. అపాచీ 17.3 హార్స్‌పవర్, 144 కిలోలు. క్లాసిక్ 20.2 హార్స్‌పవర్, 195 కిలోలు. టన్నుకు ఎంత పవర్ అని చూస్తే అపాచీకి 120, క్లాసిక్‌కి 104. చిన్న బండే చురుకైనదని ఇక్కడితో తేల్చేస్తారు చాలామంది. కానీ హెల్మెట్లతో సహా నేనూ మా ఆవిడా 140 కిలోలుంటాం. అది కూడా కలిపితే అపాచీకి 61, క్లాసిక్‌కి 60! 195 కిలోల బండికి మా బరువు ముప్పావు వంతు కూడా కాదు, 144 కిలోల బండికి దాదాపు దాని బరువంతా మళ్లీ మోసినట్టే.

అందుకే టెస్ట్ రైడ్‌కి ఆవిడని కూడా తీసుకెళ్లాను. సందు చివరిదాకా తిప్పి తెమ్మన్న రెండు షోరూంల కుర్రాళ్లనూ బతిమాలి, రెండు బండ్లనూ సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కించాం. క్లాసిక్ 27 న్యూటన్ మీటర్ల టార్క్ 4 వేల ఆర్‌పీఎం దగ్గరే ఇస్తుంది. మలుపులో వేగం తగ్గినా అదే గేర్లో లాక్కెళ్లింది. అపాచీది 14.7, అదీ 7 వేలు దాటాకే. ఒక గేరు దించి ఇంజన్‌ని గట్టిగా తిప్పితే గానీ కదల్లేదు, కానీ ఎక్కింది.

"ఏమండీ, కొండకి ఎప్పుడో వస్తాం. ఆఫీసుకి రోజూ వెళ్లాలి కదా" అంది మా ఆవిడ.

రోజూ అంటే మా సెల్లార్ గుర్తొచ్చింది. రెండు స్తంభాల మధ్య నుంచి బండిని వెనక్కి తోసుకుంటూ తీయాలి. 51 కిలోల తేడా అక్కడ నడుముకి తెలుస్తుంది.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌లో రెండూ ఒకే శ్లాబు. 2022 జూన్ రేట్లలో 150 దాటి 350 సీసీ వరకు కొత్త బండికి ఐదేళ్లకి 7,365 రూపాయలు, 75 దాటి 150 వరకు అయితే 3,851, జీఎస్టీ వేరే. 149.5 సీసీ పల్సర్ 150 నుంచి 159.7 సీసీ అపాచీకి వెళ్తే ఆ పది సీసీలకే 3,514 రూపాయలు అదనం. పల్సర్ 14 పీఎస్ పవర్ మా ఇద్దరికీ చాలదనిపించి ఆ ఖర్చుకి ఒప్పుకున్నాను.

ఇక అసలు సంగతి ఫైనాన్స్. ఆన్‌రోడ్ ధరలో తేడా దగ్గర దగ్గర 80 వేలు. అపాచీకి సరిపడా డబ్బు చేతిలో ఉంది, క్లాసిక్ కొనాలంటే ఆ 80 వేలూ అప్పు. "పది శాతమే సార్, ఫ్లాట్" అన్నారు. మూడేళ్లకి వడ్డీ 24 వేలు, కిస్తీ 2,889. నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొత్తం 80 వేల మీదే వేస్తారు కాబట్టి, నిజమైన రేటు దాదాపు 18 శాతం పడుతుంది. క్లాసిక్‌కి రీసేల్ బాగుంటుందన్న మాట నిజమే. కానీ కట్టేసిన వడ్డీ రీసేల్‌లో రాదు.

అపాచీ తీసుకున్నాం. దాదాపు ఆ కిస్తీ అంత డబ్బు పోస్టాఫీసు ఆర్డీలో వేస్తున్నాం. మా అమ్మాయి ఇంటర్‌లో చేరే ఏడాదికి చేతికొస్తుంది.